మావాడు కంప్యూటర్‌లో పులి

పిల్లల్ని డాక్టర్లు చేయాలనో ఇంజనీర్లు చేయాలనో నానా తంటాలు పడే తల్లిదండ్రుల్ని చూస్తే జాలేస్తుంది. కోచింగులు, హాస్టళ్ళు, లక్షల్లో ఫీజులు, తెల్లవారుజామున నాలుగింటికి అలారాలు. ఇంత చేసినా సీటు వస్తుందన్న పూచీ లేదు. అదే అబ్బాయిని సైబర్ నేరగాడిగా తీర్చిదిద్దాలంటే ఇవేవీ అక్కర్లేదు. ఇంట్లో ఎలాగూ ఉన్న వైఫై, ఒక లాప్‌టాప్, గదికి లోపలి గడియ ఉంటే సరిపోతుంది. మీరు చేయాల్సిన పనంటూ ఏమీ లేదు, కొన్ని పనులు చేయకుండా ఉండడమే. ఇంగ్లండ్‌లో, అమెరికాలో, ఫిన్లాండ్‌లో మీసాలు రాకముందే పోలీసు రికార్డులకెక్కిన కుర్రాళ్ళ కేసులు తిరగేసి, అక్కడ ఫలించిన సూత్రాలన్నీ ఏరి తెచ్చాను. చదివాక ‘ఇవన్నీ మేం చేస్తున్నవేగా’ అనిపిస్తే దిగులుపడకండి, సగం పని అయిపోయినట్టే.

అబ్బాయిల గురించే చెబుతున్నారేమని అడగొద్దు. అమ్మాయికి లాప్‌టాప్ కొనేముందు పదిసార్లు ఆలోచిస్తాం, కొన్నాక పాతికసార్లు తొంగిచూస్తాం. అలాంటి చోట నా చిట్కాలు పారవు.

ముందు గది తలుపు సంగతి. అబ్బాయి లోపల ఉన్నాడు, కీబోర్డు టకటకలాడుతోంది. అంటే ఇంటిపట్టునే ఉన్నాడు, సిగరెట్ కాల్చడం లేదు, బైకేసుకుని రింగురోడ్డు మీద తిరగడం లేదు. ఇంతకన్నా బుద్ధిమంతుడు ఎవరింట్లో ఉన్నాడు? అర్ధరాత్రి దాటాక కూడా తలుపు కింద వెలుతురు కనిపిస్తే గ్లాసుడు పాలు అక్కడ పెట్టి చప్పుడు చేయకుండా వచ్చేయండి. లోపలికెళ్ళి పక్కన కుర్చీ లాక్కుని ‘ఏం చేస్తున్నావురా, నాకూ చూపించు’ అన్నారో, అంతా చెడుతుంది.

2022 మార్చిలో లాప్సస్ అనే ముఠా పేరు పేపర్లకెక్కింది. ఎన్విడియా, శామ్‌సంగ్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీల లోపలి ఫైళ్ళు ఎత్తుకొచ్చి ఊరందరికీ చూపించిన ముఠా అది. అనుమానితుల్లో ఒకడు ఆక్స్‌ఫర్డ్ కుర్రాడు. వాళ్ళ నాన్నని బీబీసీ వాళ్ళు పలకరిస్తే, మావాడు కంప్యూటర్ బాగా వాడతాడు, ఎక్కువసేపు దాని ముందే ఉంటాడు, గేములు ఆడుకుంటున్నాడనే అనుకున్నాను అన్నాడాయన. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. మన కూకట్‌పల్లిలోనూ గాజువాకలోనూ ఏ తండ్రిని అడిగినా అక్షరం పొల్లుపోకుండా ఇదే జవాబు వస్తుంది.

తలుపు తర్వాత పొగడ్త. ఇది నలుగురిలో చేస్తేనే పండుతుంది. ఏ గృహప్రవేశానికో సత్యనారాయణ వ్రతానికో బంధువులు చేరినప్పుడు మీరు గొంతు కాస్త పెంచి, “వీడు పక్క ఫ్లాటు వాళ్ళ వైఫై పాస్‌వర్డ్ ఎంతసేపట్లో పట్టేశాడో తెలుసా వదినా?” అనాలి. వదినగారు కళ్ళు పెద్దవి చేసి, “మావాడూ ఉన్నాడు ఎందుకూ, చార్జింగ్ పెట్టడం కూడా రాదు” అనాలి. ఆ పాస్‌వర్డ్ పక్క ఫ్లాటాయన సెల్ నంబరేననీ, దానికి పెద్ద బుర్ర అక్కర్లేదనీ ఎవరూ అనకూడదు. అడక్కుండా వాళ్ళ కనెక్షన్ వాడుకోవడమేమిటని అసలే అనకూడదు. పక్కింటి పెరట్లో జామకాయ కోస్తే చెవి మెలేసిన చెయ్యే ఇప్పుడు వీపు తట్టాలి. చేత్తో తీస్తే దొంగతనం, కీబోర్డుతో తీస్తే టాలెంటు. ఈ తేడా చిన్నప్పుడే బుర్రకెక్కాలి.

బ్రిటన్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ వాళ్ళు ఇలాంటి కుర్రాళ్ళతో మాట్లాడి 2017లో ఒక నివేదిక వేశారు. వాళ్ళని అటు లాగింది అన్నిటికన్నా ముందు డబ్బు కాదట. చిక్కుముడి విప్పానన్న సంతోషం, తోటివాళ్ళ మెచ్చుకోలు. కనక మెచ్చుకోలు విషయంలో జాగ్రత్తగా ఉండండి. పాస్‌వర్డ్ పట్టినందుకు మెచ్చుకోండి. వారం రోజులు కూర్చుని సొంతంగా రాసిన చిన్న ప్రోగ్రామేదో పట్టుకొచ్చి “నాన్నా, ఇది చూడు” అంటే మాత్రం “ముందు ఫిజిక్స్ రికార్డు రాసి తగలెయ్” అనండి. పిల్లాడు ఆ ప్రోగ్రాము ఇంకెవరికో చూపించుకుంటాడు. డిస్కార్డ్‌లో దానికి జనం ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు.

ఇక శిక్షణ. మైన్‌క్రాఫ్ట్ అంటే ఇటుకలు పేర్చుకునే పిల్లల ఆటేగా అని చిన్నచూపు చూడకండి. ఆ ఆటకి సొంత సర్వర్లు నడిపేవాళ్ళకి అది వ్యాపారం. బాగా ఆడిన సర్వర్‌కి నెలకి వేల డాలర్లొస్తాయి. జనం ఎక్కువగా ఆడే వేళ చూసి పోటీవాడి సర్వర్‌ని పడగొడితే, విసుగెత్తిన పిల్లలంతా మన సర్వర్‌కి వచ్చి చేరతారు. ఎక్కడెక్కడి యంత్రాల నుంచో ఒక్కసారిగా లక్షల కొద్దీ అభ్యర్థనలు వచ్చి పడేటట్టు చేస్తే ఏ సర్వరైనా చతికిలబడాల్సిందే. దాన్నే డీడాస్ దాడి అంటారు. నెలకి ఇంతని కట్టించుకుని ఈ పని చేసిపెట్టే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. మీ కార్డు మీద అలాంటి పద్దు కనిపిస్తే ‘గేములో ఏదో కొన్నాడులే’ అనుకుని పేజీ తిప్పేయండి.

న్యూజెర్సీలో పారస్ ఝా అనే కుర్రాడు ఈ లోకంలోనే పెరిగాడు. మొదట సర్వర్ నడిపాడు. తర్వాత దాడులు నేర్చుకున్నాడు. ఆ తర్వాత దాడుల నుంచి కాపాడతామంటూ ఒక కంపెనీ పెట్టాడు. నిప్పంటించేదీ నీళ్ళ ట్యాంకరు అద్దెకిచ్చేదీ ఒకరే అన్నమాట. రట్‌గర్స్ యూనివర్సిటీలో చేరాక అక్కడి నెట్‌వర్క్ మీద పడ్డాడు. 2014 నవంబర్‌లో మొదటి దాడి సరిగ్గా కోర్సుల రిజిస్ట్రేషన్ వేళకి జరిగింది. తను కోరుకున్న కోర్సు ముందు సీనియర్లకి దక్కుతోందని ఒళ్ళు మండిందట. తర్వాత పరీక్షల రోజులు చూసుకుని మళ్ళీ. అసైన్‌మెంట్లు పంపే పోర్టల్ పడిపోతే వేలమంది విద్యార్థులు, ప్రొఫెసర్లు తలలు పట్టుకున్నారు. మన దగ్గర పరీక్ష వాయిదా కోసం ధర్నాలు చేస్తారు, టెంటు వేస్తారు, ప్రిన్సిపల్ దిష్టిబొమ్మ తగలేస్తారు. అంత ఎండలో పడకుండా గదిలో కూర్చునే సాధించాడు.

2016లో మరో ఇద్దరితో కలిసి మిరాయ్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. సీసీ కెమెరా కొంటాం, రౌటర్ కొంటాం, వాటితో పాటు వచ్చిన పాస్‌వర్డ్ మాత్రం మార్చం. మిరాయ్‌కి కావలసింది అదే. కంపెనీలు పెట్టి పంపే అరవై చిల్లర పాస్‌వర్డులు దగ్గర పెట్టుకుని ప్రపంచమంతా తిరిగి లక్షల పరికరాల్ని లోబరుచుకుంది. పోలీసులు దగ్గరికొస్తున్నారనిపించి, నేరం తన ఒక్కడి మీదకి రాకుండా ఉండాలని ఆ కోడ్ మొత్తాన్ని ఇంటర్నెట్‌లో జనానికి వదిలేశాడు. ఆ ఏడాది అక్టోబర్ 21న ఇంకెవరో దాన్ని అందుకుని వెబ్‌సైట్ల అడ్రసులు చూసిపెట్టే డైన్ అనే సంస్థని కొడితే, అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోలేదు. మూలం మాత్రం మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల దగ్గరి తగాదా.

ముగ్గురూ నేరం ఒప్పుకుని ఎఫ్‌బీఐకి పనిచేసిపెట్టారు కనక 2018లో జైలు తప్పింది. ఐదేళ్ళ ప్రొబేషన్, 2,500 గంటల సమాజసేవ పడ్డాయి. రట్‌గర్స్ కేసులో మాత్రం ఝాకి ఆరు నెలల గృహనిర్బంధం, 86 లక్షల డాలర్ల పరిహారం. అప్పటి రేటులో 60 కోట్ల రూపాయల పైమాటే. మేనేజ్‌మెంట్ కోటాలో సీటు కొన్నా ఇంత కాదు. ఈ అంకె మీవాడికి చెప్పకండి, అనవసరంగా ఆలోచిస్తాడు.

అబద్ధాలు నేర్పడం అన్నిటికన్నా ముఖ్యం. సినిమాల్లో హ్యాకింగ్ అంటే నల్ల తెర మీద పచ్చటి అక్షరాలు జలపాతంలా జారుతుంటాయి, హీరో పది వేళ్ళతో వాయించి “ఐయామ్ ఇన్” అంటాడు. దాన్ని నమ్ముకుంటే మీవాడు వెనకబడిపోతాడు. పెద్ద పెద్ద పనులు ఫోన్ మీద జరుగుతున్నాయి. 2020 జులై 15న ఒబామా, బైడెన్, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్ అందరి ట్విట్టర్ ఖాతాల్లోనూ ఒకటే మాట కనిపించింది: మీరు బిట్‌కాయిన్ పంపండి, నేను రెట్టింపు తిరిగి పంపుతాను. దీని వెనక ఉన్నవాడు ఫ్లోరిడాలోని టాంపాలో ఉండే 17 ఏళ్ళ కుర్రాడు. అందరూ ఇళ్ళ నుంచి పనిచేస్తున్న కోవిడ్ రోజులవి. ట్విట్టర్ ఉద్యోగులకి ఫోన్ చేసి, మీ ఐటీ విభాగం నుంచి మాట్లాడుతున్నాం, వీపీఎన్ ఇబ్బంది పెడుతోందట కదా అని మెల్లగా మాటల్లో దింపి, వాళ్ళ లాగిన్ వివరాలు వాళ్ళ చేతే ఇప్పించుకున్నారు. దక్కింది లక్షా చిల్లర డాలర్లు. అంతకన్నా ముందు, 2015లో, ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్ నుంచి పదిహేనేళ్ళవాడు ఏకంగా సీఐఏ అధిపతి జాన్ బ్రెనన్ పేరు చెప్పుకుని ఫోన్, ఇంటర్నెట్ కంపెనీల కస్టమర్ కేర్‌తో మాట్లాడాడు. వాళ్ళు నమ్మారు. కాల్ సెంటర్ అమ్మాయికి అవతలి గొంతు సీఐఏ వాడిదో పదో తరగతి వాడిదో ఏం తెలుస్తుంది!

మనకి ఈ విద్య ఇంట్లోనే ఉచితంగా దొరుకుతోంది. ఈఎంఐ కోసం బ్యాంకు వాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా పిల్లాడి చేతికిచ్చి, “నాన్న ఫోన్ ఇంట్లో మర్చిపోయి ఊరెళ్ళారండీ” అని చెప్పించండి. తడబడకుండా, నమ్మేటట్టు, చివర్లో “అంకుల్” కలిపి. మీరు పక్కనే కూర్చుని చెయ్యి ఊపుతూ ఉండాలి. ఓటీపీ వస్తే గది ఇవతల నుంచి అరిచి చెప్పండి. తాతయ్య ఫోన్‌పే పిన్ మనవడికి తెలుసు, తాతయ్యకి గుర్తులేదు. పింఛను పడ్డ రోజున మందుల షాపువాడికి డబ్బు కొట్టేది మనవడే. ఇందులో ఎప్పుడు ఏ గీత దాటినట్టో ఎవరూ గీసి చూపించకపోతే పిల్లాడికి గీత ఉందనే తెలియదు. మనకి కావలసింది అదే.

నీతి ఎప్పుడు చెప్పాలి అంటారా? తొందరేం లేదు. 1983లో అమెరికాలోని మిల్‌వాకీలో కొందరు కుర్రాళ్ళు తమ ఏరియా కోడ్ 414నే ముఠా పేరుగా పెట్టుకుని, లాస్ ఆలమోస్ అణు ప్రయోగశాల నుంచి న్యూయార్క్ కేన్సర్ ఆసుపత్రి దాకా కంప్యూటర్లలోకి తొంగిచూశారు. వాళ్ళలో 17 ఏళ్ళ నీల్ పాట్రిక్‌ని అమెరికా కాంగ్రెస్ కమిటీ పిలిపించి, ఇది తప్పని నీకు ఎప్పుడు తోచింది అని అడిగితే, ఎఫ్‌బీఐ వాళ్ళు తలుపు కొట్టినప్పుడు అన్నాడు. అతని ఫొటో న్యూస్‌వీక్ ముఖచిత్రంగా వచ్చింది. నలభై ఏళ్ళ కిందటే ఇలా ఉంటే, ఇప్పుడు కంగారెందుకు.

గొప్పలు చెప్పుకోవడం కూడా అలవాటు చేయాలి. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని మన పెద్దవాళ్ళు అన్నారు. కానీ దొరనయ్యానని ఎవరికీ చెప్పుకోకపోతే దొరతనం దేనికి? కెనడాలో మాఫియాబాయ్ అనిపించుకున్న పదిహేనేళ్ళవాడు 2000 ఫిబ్రవరిలో యాహూ, సీఎన్ఎన్, ఈబే సైట్లని వరసగా పడగొట్టి, చాట్‌రూముల్లో ఆగకుండా చెప్పుకున్నాడు. డెల్ మీద దాడి సంగతి ఇంకా బయటికి రాకముందే అది నా పనే అన్నాడు. పోలీసులకి అంతకన్నా సాయం ఎవరు చేస్తారు? లాప్సస్ వాళ్ళయితే టెలిగ్రామ్‌లో ఓటింగ్ పెట్టారు, తర్వాత ఎవరి ఫైళ్ళు విడుదల చేయమంటారు అని. 2015లో టాక్‌టాక్ అనే బ్రిటిష్ టెలిఫోన్ కంపెనీ నుంచి లక్షన్నర మందికి పైగా ఖాతాదారుల వివరాలు పోయాయి. ఆ కేసులో పట్టుబడ్డ నార్విచ్ కుర్రాడు కోర్టులో చెప్పింది ఒకటే: స్నేహితుల ముందు గొప్పకోసం చేశాను. వాడికి పన్నెండు నెలల పునరావాస ఉత్తర్వు వేసి, ఐఫోనూ హార్డ్ డిస్కూ తీసేసుకున్నారు.

(పనిలో పనిగా కంపెనీలకో చిట్కా. టాక్‌టాక్ వాళ్ళు మరో కంపెనీని కొన్నప్పుడు దాంతో పాటు వచ్చిన పాత పేజీల్లో లోపముంది. దాన్ని సరిచేసే మార్గం 2012 నుంచే అందుబాటులో ఉంది. మూడేళ్ళు ఎవరూ ముట్టుకోలేదు. కుర్రాణ్ణి మేధావి అనిపించాలంటే ఇంతకన్నా సులువు దారి లేదు. చివరికి నాలుగు లక్షల పౌండ్ల జరిమానా కట్టారు.)

మొదటిసారి దొరికితే ఏం చేయాలి? ఇక్కడ తల్లిదండ్రులు రెండుగా చీలిపోతారు. ఒకరు ‘చిన్నపిల్లాడు, వదిలేయండి’ అంటారు. రెండోవాళ్ళు లాప్‌టాప్ లాక్కుని బీరువాలో పెడతారు. రెండూ భేషైన పద్ధతులే, వేటి ఫలితం వాటికుంది.

వదిలేయడానికి ఫిన్లాండ్ ఉదాహరణ. జూలియస్ కివిమాకి అనే అతన్ని 17 ఏళ్ళ వయసులో, 2015లో, అక్కడి కోర్టు 50,700 కంప్యూటర్ నేరాలకి దోషిగా తేల్చింది. అంకె తప్పు పడలేదు, యాభై వేల ఏడువందలే. శిక్ష రెండేళ్ళు, అదీ అమలు వాయిదా వేసి. ఆ తర్వాత అతను తనని ఎవరూ తాకలేని హ్యాకర్ దేవుణ్ణని ట్విట్టర్‌లో రాసుకున్నాడు. 2020లో వస్తామో అనే మానసిక చికిత్స సంస్థ రికార్డులు ఎవరో ఎత్తుకుపోయారని తేలింది. దాదాపు 33,000 మంది థెరపిస్టు ముందు మనసు విప్పి చెప్పుకున్న మాటలవి. భర్త కొట్టిన సంగతి, చిన్నప్పుడు జరిగిన ఘోరం, చచ్చిపోవాలనిపించిన రాత్రి, అన్నీ థెరపిస్టు రాసుకున్న నోట్సులో ఉన్నాయి. కంపెనీ నాలుగున్నర లక్షల యూరోలు ఇవ్వకపోయేసరికి, నేరుగా రోగులకే మెయిళ్ళు వెళ్ళాయి: రోజు లోపల 200 యూరోలు కట్టండి, ఆలస్యమైతే 500, లేకపోతే మీ మాటలు లోకమంతా చదువుతుంది. రికార్డులు బయటపెట్టే తొందరలో ఆ దొంగ సొంత కంప్యూటర్ ఫోల్డరు కూడా కలిపి ఎక్కించేశాడు. పోలీసులకి అదో వరం. 2024 ఏప్రిల్‌లో కివిమాకికి కింది కోర్టు ఆరేళ్ళ మూడు నెలల జైలు వేసింది. సంస్థ అప్పటికే దివాలా తీసింది.

పదిహేడేళ్ళప్పుడే జైల్లో వేసుంటే బాగుండేదా అంటే, నాకు అలా అనిపించదు. ఎవరైనా పక్కన కూర్చుని వారం వారం మాట్లాడి, అదే బుర్రకి వేరే పని అప్పజెప్పి ఉంటే మాత్రం మన పథకానికి గండి పడేది. నెదర్లాండ్స్ పోలీసులు సరిగ్గా ఈ పాడుపనికే పూనుకున్నారు. మొదటిసారి దొరికిన కుర్రాళ్ళని హ్యాక్ రైట్ అనే కార్యక్రమంలో చేర్చి, చట్టం ఎంతవరకు అనుమతిస్తుందో చెబుతారు, ఈ రంగంలో పనిచేసేవాళ్ళతో కలుపుతారు. బ్రిటన్‌లో సైబర్ చాయిసెస్ అని మరొకటుంది. దానికి అప్పగించినవాళ్ళలో ఏడేళ్ళ బిడ్డ కూడా ఉంది. ఇలాంటి వాటికి మీవాణ్ణి దూరంగా ఉంచండి. టాంపా కుర్రాడి దగ్గర ట్విట్టర్ సంగతికి కొన్ని నెలల ముందే సీక్రెట్ సర్వీస్ వాళ్ళు 100 బిట్‌కాయిన్లు స్వాధీనం చేసుకుని, మైనరని కేసు లేకుండా వదిలేశారు. మంచి పద్ధతి. తర్వాత మూడేళ్ళ శిక్ష పడిందనుకోండి. అతని బెయిల్ విచారణ జూమ్‌లో పెడితే, సీఎన్ఎన్, బీబీసీ పేర్లు తగిలించుకుని ఎవరెవరో చొరబడి బూతు వీడియో నడిపారు. జడ్జిగారు విచారణ ఆపాల్సి వచ్చింది. పిల్లలకి ఎదురుగా కనిపిస్తున్న పెద్దల ప్రపంచం ఇంత పకడ్బందీగా ఉంది మరి.

లాక్కోవడానికి ఉదాహరణ లాప్సస్ కుర్రాడే. అతని పేరు అరియన్ కుర్టాజ్. బెయిల్ మీద ఉన్నాడు, లాప్‌టాప్ పోలీసుల దగ్గరుంది, రక్షణ కోసం వాళ్ళే బిస్టర్ అనే ఊళ్ళో ఒక చవక హోటల్ గదిలో పెట్టారు. ఆ గదిలో ఉన్నది గోడకి టీవీ, దానికి తగిలించిన అమెజాన్ ఫైర్ స్టిక్, చేతిలో ఒక సెల్‌ఫోన్, కీబోర్డు, మౌస్. మనవాళ్ళు అయితే ఆ సరంజామాతో బిగ్‌బాస్ చూసి పడుకుంటారు. అతను రాక్‌స్టార్ గేమ్స్ కంపెనీ లోపలికి వెళ్ళి, ఇంకా విడుదల కాని జీటీఏ ఆట తాలూకు 90 వీడియో ముక్కలు బయటపెట్టాడు. 2022 సెప్టెంబర్ సంగతి. అతనికి తీవ్రమైన ఆటిజం ఉందని, విచారణ ఎదుర్కొనే స్థితిలో లేడని డాక్టర్లు తేల్చారు. 2023 డిసెంబర్‌లో కోర్టు అతన్ని గడువు చెప్పకుండా ఆసుపత్రిలో ఉంచమంది. ఆ హోటల్ గదికి ముందు ఎన్నేళ్ళో ఆ పిల్లాడితో ఎవరు మాట్లాడారన్నది వేరే ప్రశ్న, దాన్ని మీరు అడగొద్దు. లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళంచెవి కొంగున ముడేసుకుంటే సరి. ఇంట్లో టీవీ ఉన్నట్టు గుర్తుంచుకోకండి.

చట్టం మన దగ్గరా ఉంది గానీ చదవకండి. ఐటీ చట్టం 66వ సెక్షన్ ప్రకారం మోసపు ఉద్దేశంతో ఇంకొకరి కంప్యూటర్‌లోకి అనుమతి లేకుండా చొరబడితే మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. 66సీ ప్రకారం అదే దురుద్దేశంతో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడినా మూడేళ్ళే. ‘వాడికి పద్దెనిమిది నిండలేదుగా’ అనుకుంటూ ఉండండి. జువెనైల్ జస్టిస్ బోర్డు వాయిదాలు ఎంట్రన్సు రోజున పడవని నమ్మండి.

హ్యాకింగ్ దాకా వెళ్ళే ఓపిక లేని పిల్లలకి మన ఊళ్ళలో ఇంకా తేలిక దారి ఉంది. “నీ బ్యాంకు అకౌంట్, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు, వచ్చిన దాంట్లో కమీషన్” అని హాస్టల్లో సీనియర్ ఎవరో చెబుతాడు. డిజిటల్ అరెస్టనో, షేర్ల ట్రేడింగనో బెదిరించి, ఆశపెట్టి ఎక్కడో ఒక రిటైర్డు మాస్టారి దగ్గర గుంజిన సొమ్ము ఈ అకౌంట్లలోంచే పారుతుంది. వాటిని మ్యూల్ ఖాతాలంటారు. మాస్టారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే ముందు ఫ్రీజ్ అయ్యేది, పోలీసులు ముందు తలుపు కొట్టేది ఆ అకౌంట్ ఎవరి పేరున ఉంటే వాళ్ళదే. అసలువాడు ఏ దేశంలో ఉన్నాడో సీనియర్‌కీ తెలియదు. మీవాడు ఉన్నట్టుండి కొత్త ఫోన్ కొంటే ‘పార్ట్‌టైమ్ చేస్తున్నాడు, బాధ్యత తెలిసింది’ అని పక్కింటివాళ్ళకి చెప్పుకోండి. అడిగారంటే పిల్లాడు నొచ్చుకుంటాడు.

బడి కూడా తన వంతు చేయాలి, అంతా తల్లిదండ్రుల మీద వేస్తే ఎలా? బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2025లో చెప్పిన లెక్క ప్రకారం, విద్యాసంస్థల్లో లోపలివాళ్ళ వల్ల జరిగిన 215 డేటా ఉల్లంఘనల్లో 57 శాతం విద్యార్థులు చేసినవే. చాలాచోట్ల చేసిందల్లా టీచరు పాస్‌వర్డ్ ఊహించడం, లేదా కాగితమ్ముక్క మీద రాసుంటే చూడడం. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బల్లమీద పాస్‌వర్డ్ రాసి పెడితే పట్టాల్సిన అవసరం కూడా లేదు. మన మాస్టార్లకి దీన్లో ఇంకా ముందుచూపుంది. క్లాసులో చురుకైనవాణ్ణి పిలిచి, “ఒరే, ఇదిగో నా లాగిన్, ఈ మార్కులన్నీ ఎక్కించి పెట్టు” అంటారు.

ఒక్క చిక్కు మాత్రం వచ్చే వీలుంది. మీవాడు తన మార్కుల పేజీ తెరిచి చూస్తుండగా, ఇంటర్నెట్ అడ్రసు చివర తన రోల్ నంబరు కనిపిస్తుంది. ఒక అంకె మారిస్తే పక్కవాడి మార్కులు, వాళ్ళ నాన్న సెల్ నంబరు, ఇంటి అడ్రసు వచ్చేస్తాయి. వాడు ఏమీ ముట్టుకోడు, ఎవరికీ చెప్పడు. మర్నాడు నేరుగా ప్రిన్సిపల్ గారి గదికెళ్ళి, “సార్, మన పోర్టల్‌లో ఇలా ఉంది” అంటాడు. ఇన్నేళ్ళ మీ శ్రమ వృథా అయిందని బెంగపడకండి, స్కూలు చూసుకుంటుంది.

“నిన్నెవడు చూడమన్నాడు?”

“ఊరికే నంబరు మార్చి చూశాను సార్.”

“మీ ఫాదర్‌ని తీసుకురా.”

మీరు ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళండి. పోర్టల్ బాగుచేశారా అని అడగొద్దు. “ఇలాంటి పనులు చేస్తాడని మాకు తెలీదు సార్, ఈసారికి క్షమించండి” అని చేతులు కట్టుకోండి. వారం సస్పెన్షన్‌ని ఒప్పుకోండి, వాడి చేత ప్రిన్సిపల్ గారి ముందే క్షమాపణ పత్రం రాయించండి. ఇలాంటి లోపాలు కనిపెట్టినవాళ్ళు చెప్పడానికి సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటుందని మాత్రం పొరపాటున కూడా వాడికీ ప్రిన్సిపల్ గారికీ తెలియనివ్వకండి. ఇంటికొచ్చేటప్పుడు బండి మీద ఒక్క మాట మాట్లాడకండి.

రెండు నెలలకి ఫీజుల పోర్టల్‌లో ఇంకోటి కనిపిస్తుంది వాడికి. ఈసారి ప్రిన్సిపల్ గదికి వెళ్ళడు. టెలిగ్రామ్‌లో ఒక అన్న ఉన్నాడు, మొహం ఎప్పుడూ చూడలేదు. స్క్రీన్‌షాట్ పంపిన నిమిషంలో జవాబొస్తుంది: “సూపర్ తమ్ముడూ. ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి?” ఎంతిస్తారో కూడా ఆ అన్నే చెబుతాడు.